పాత బోటు కొనడం నేర్చుకుందాం – 4వ పాఠం: సర్వేయర్‌ను మాట్లాడుకోవడం

పోయిన పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే మీ దగ్గర ఇప్పుడు ఒక కాగితం ఉండాలి. నచ్చిన బోటు పొడవు, తయారైన సంవత్సరం, ఇంజిన్ హార్స్‌పవర్, యజమాని చెప్పిన ధర అందులో రాసుకుని ఉంటారు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకండి. ఈ పాఠం పూర్తయ్యేదాకా ఆగండి.

నా మొదటి బోటు పదహారు సీట్ల ఫైబర్ బోటు. కొత్త రంగు వేసి, సీట్లకు కొత్త రెక్సిన్ తొడిగి, కళకళలాడుతూ కనిపించింది. కారు కొనేటప్పుడు చేసినట్టే విజయవాడ ఆటోనగర్ నుంచి తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాను. ఇంజిన్ బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. పాడైంది ఇంజిన్ కాదు, దాన్ని బిగించిన వెనక గోడ. ఫైబర్ పొరల మధ్య బలం కోసం పెట్టిన ప్లైవుడ్ ఎప్పటినుంచో నానుతోంది. రెండు నెలలకు ఒక బోల్టు వదులైంది. ఏమిటా అని స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే తడి రంపపు పొట్టు బయటికొచ్చింది. అమ్మినాయన్ను అడిగితే "మీరు చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు, చూడటం నాకే తెలియలేదు.

సర్వేయర్ అంటే భూమి కొలిచే మనిషే మనకు గుర్తొస్తాడు. మెరైన్ సర్వేయర్ పని వేరు. బోటు అడుగు నుంచి వైరింగ్ దాకా పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు రాసిచ్చేవాడు ఈయన. "బోటుకు కూడా డాక్టరా బాబాయ్?" అని మా అన్న కొడుకు నవ్వాడు. సైటు కొనేముందు ఈసీ తీయించనిదే వాడు బయానా ఇవ్వడు, అది వేరే సంగతి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం నదిలో ఇంజిన్‌తో నడిచే పడవకు సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ రెండూ ఉండాలి. అమ్మేవాళ్లు ఆ సర్టిఫికెట్ చూపించి "సర్వే అయిపోయింది సార్, మళ్లీ ఎందుకు?" అంటారు. అది లారీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) లాంటిది. పరీక్షించిన రోజున నిబంధనల ప్రకారం ఉందని చెబుతుంది, అంతే. ఎఫ్‌సీ ఒక్కటే చూసి పాత లారీ కొనేవాళ్లను విజయవాడలో నేనింతవరకు చూడలేదు. కాగితం అడగండి, తేదీ చూడండి, అది లేని బోటు జోలికి అసలు పోకండి. మీ సర్వే మాత్రం మీరు చేయించుకోవాల్సిందే.

సర్వేయర్ ఎక్కడ దొరుకుతాడు? రేవులున్న ఊళ్లు కాబట్టి విశాఖపట్నం, కాకినాడ వైపు వెతకాలి. మెరైన్ సర్వేయర్ అన్న ప్రతి ఒక్కరూ మన పనికి రారు. వాళ్లలో చాలామంది పని ఓడలో ఎంత సరుకు ఎక్కింది, ఎంత తడిసింది అని లెక్క తేల్చడం. ఇన్సూరెన్స్ సర్వేయర్లకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్స్ ఇస్తుంది. అందులోనూ సరుకు చూసేవారు వేరు, ఓడ శరీరం చూసేవారు వేరు. అందుకే ఫోన్‌లో మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: "సార్, ఇంత పొడవు ఫైబర్ బోటును కొనేవాళ్ల తరఫున ఎప్పుడైనా చూశారా? పేర్లు తీసేసి ఒక పాత రిపోర్టు పంపగలరా?" రిపోర్టు రెండు పేజీల్లో ముగిసి, అంతటా "బాగుంది, బాగుంది" అనే ఉంటే ఇంకొకరికి ఫోన్ చేయండి. ఫొటోలు, కొలతలు, ఎక్కడ చూడలేకపోయారో కూడా రాసి ఉంటే ఆయన పని తెలిసిన మనిషి.

రెండో ప్రశ్న కొంచెం మొహమాటంగా ఉంటుంది, అయినా అడగాలి. ఇదే బోటును ఇంతకుముందు అమ్మేవారి కోసం చూశారా? అమ్మేవారుగానీ మధ్యవర్తిగానీ "మా సర్వేయర్ ఉన్నాడు, ఫీజు కూడా మేమే ఇస్తాం" అంటే దండం పెట్టి వద్దనండి. డబ్బు ఎవరిదైతే రిపోర్టు వాళ్లది. ఫీజు బోటు పొడవును బట్టో, రోజుకింత అనో ఉంటుంది. రానుపోను ఖర్చులు, బస అదనం. ఇంజిన్ కూడా ఆయనే చూస్తారా, మెకానిక్‌ను మనమే పెట్టుకోవాలా అన్నదీ ముందే తేల్చుకోండి. చాలామంది సర్వేయర్లు ఇంజిన్‌ను పైపైనే చూస్తారు. అక్కడ మీ ఆటోనగర్ మేస్త్రీ పనికొస్తాడు.

ఇక అడ్వాన్స్. బయానా కాగితంలో ఈ వాక్యం లేకపోతే సర్వే చేయించినా దండగే: "కొనుగోలుదారు తన ఖర్చుతో నియమించిన సర్వేయర్ రిపోర్టు అందిన ఏడు రోజుల్లోగా బోటు వద్దనుకుంటే, అమ్మకందారు అడ్వాన్స్ మొత్తాన్ని తిరిగి చెల్లించాలి." సర్వే తేదీ, క్రేన్ ఖర్చు ఎవరిది, ట్రయల్‌కు డీజిల్ ఎవరిది అన్నవి కూడా అందులోనే రాయించండి. నోటిమాటలు ఘాటు దాటవు.

క్రేన్ ఎందుకంటే, నీళ్లలో ఉన్న బోటును చూడటం సగం చూడటమే. దగ్గర్లో బోటు యార్డు లేకపోతే హైడ్రా క్రేన్, రెండు వెడల్పాటి బెల్టులు మాట్లాడుకోవాలి. ఇనుప తాళ్లు వద్దు, అంచులు పగులుతాయి. ఒడ్డుకెక్కిన బోటు అడుగును సర్వేయర్ చిన్న సుత్తితో తడుతూ పోతాడు. పుచ్చకాయ తట్టి చూసినట్టే అనుకోండి. గట్టి చోట టంగుమంటుంది, పొరలు విడిన చోట మొద్దుగా డబ్‌మంటుంది. తేమ మీటర్ కూడా పెడతాడుగానీ అప్పుడే నీళ్లలోంచి తీసిన బోటుకు ఆ అంకె ఎక్కువే చూపిస్తుంది. వీలైతే నాలుగు రోజులు ఆరనివ్వాలి. ఇంకో మాట, ఫైబర్‌కు బొబ్బలు ఉప్పునీళ్లలో కన్నా మంచినీళ్లలోనే త్వరగా వస్తాయి. కృష్ణలో ఏళ్ల తరబడి నానిన బోటైతే అడుగు మీద చేయి పెట్టి నిమిరి చూడండి.

ఇనుప బోటైతే సుత్తితోపాటు అల్ట్రాసోనిక్ మీటర్‌తో రేకు మందం కొలుస్తారు. 6 మిల్లీమీటర్ల రేకు 4.5కి దిగిందంటే నాలుగో వంతు తుప్పు తినేసినట్టే. సాధారణంగా ఆ ముక్క మార్చమని రాస్తారు. మచిలీపట్నం, నిజాంపట్నం వైపు నుంచి తెచ్చిన బోటైతే అడుగున బిగించిన జింక్ ముక్కల గురించి అడగండి. సముద్రంలో తుప్పును తమ మీద వేసుకునే ఆ ముక్కలు మంచినీళ్లలో సరిగా పనిచేయవు. ఇక్కడ మెగ్నీషియం ముక్కలు కావాలి.

సర్వే రోజు మీరు తప్పకుండా అక్కడ ఉండండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి వేడెక్కించారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎన్ని ప్రయత్నాలకు అందుకుంటుందో చూడటమే అసలు పరీక్ష. ఆ రోజుకు ఆపేసి మర్నాడు రండి. ఔట్‌బోర్డ్ (బోటు వెనక గోడకు బయట బిగించే ఇంజిన్) అయితే గేర్ ఆయిల్ కొంచెం తీయించండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. నీళ్లలో దింపాక సరంగు, అంటే బోటు నడిపేవాడు, మెల్లగా ఒక రౌండ్ కొట్టి తీసుకొస్తే సరిపోదు. ఫుల్ థ్రాటిల్‌లో కొంతసేపు నడవాలి, కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకోవాలి, వేడి ముల్లు నిలకడగా ఉండాలి.

విజయవాడలో కొనేవాళ్లు ఇంకొకటి అడగాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గుర్తుంది కదా? పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీకే తగులుకున్నాయి. అప్పుడు ఈ బోటు ఎక్కడుందని యజమానిని అడగండి, ఆయన జవాబును సర్వేయర్‌కు చెప్పండి. మునిగి తేలిన బోటుకు రంగు వేయడం తేలికే. వైరింగ్ కనెక్షన్లలో పట్టిన ఆకుపచ్చ చిలుము మాత్రం రంగుకు దాగదు.

పన్నెండడుగుల నాటు పడవ కొంటున్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. పడవలు కట్టే మేస్త్రీకి ఒక పూట కూలీ ఇచ్చి చూపిస్తే చాలు.

రిపోర్టు చేతికొచ్చాక దాన్ని చదివి బేరం ఆడటం 5వ పాఠం. అప్పటికి చేయాల్సిన పని: ముగ్గురు సర్వేయర్లకు ఫోన్ చేసి, పైన చెప్పిన రెండు ప్రశ్నలూ అడిగి, జవాబులు పక్కపక్కన రాసుకోండి. తర్వాత ఒక సాయంత్రం కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌కు వెళ్లి, కట్టేసి ఉన్న ఫైబర్ బోటును వేలి కణుపుతో అంచు నుంచి వెనక గోడ దాకా తట్టుకుంటూ పోండి. చప్పుడు మారిన చోటల్లా ఆగి, ఎందుకు మారిందో ఊహించి రాయండి. ముందు సరంగును అడగండి. నేను అడక్కుండా తట్టి తిట్లు తిన్నాను.