ఇరవై ‘నేను’లు: మీ స్వీయభావనను కాగితం మీద చూసుకోవడం ఎలా

ఇంటర్ చదివే పిల్లలతో కూర్చుని మాట్లాడటం నా ఉద్యోగం. విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళే ఎక్కువగా వస్తారు. తీసుకొచ్చిన తల్లిదండ్రులు చెప్పే మాట దాదాపు ఒకటే: “మావాడికి కాన్ఫిడెన్స్ పోయింది మేడమ్, కాస్త మోటివేట్ చెయ్యండి.” నేను మోటివేషన్ జోలికి పోను. ముందు ఒక తెల్లకాగితం, పెన్ను ఇస్తాను. ‘నేను ఫలానా మనిషిని’ అని ఎవరికి వాళ్ళు మనసులో గీసుకున్న బొమ్మనే సైకాలజీలో స్వీయభావన అంటాం. ఆ బొమ్మలో దెబ్బతిన్న ముక్క ఏదో చూడకుండా ఎంత ధైర్యం చెప్పినా పిల్లవాడికి అందదు. అది చూసుకునే పద్ధతి ఇంట్లోనే చెయ్యొచ్చు. పిల్లలకే కాదు, ఉద్యోగం మారినవాళ్ళకి, రిటైరైనవాళ్ళకి కూడా పనికొస్తుంది.

కాగితం మీద 1 నుంచి 20 దాకా అంకెలు వేసి, ప్రతి అంకె పక్కన ‘నేను’ అని రాయండి. ఫోను వేరే గదిలో పెట్టి, పన్నెండు నిమిషాలు టైమ్ పెట్టుకోండి. ‘నేను ఎవరు?’ అని మిమ్మల్ని మీరే అడిగి, ఏది ముందు తడితే అది రాసుకుంటూ పోండి. ఎవరికో చెప్తున్నట్టు కాకుండా మీకు మీరే చెప్పుకుంటున్నట్టు రాయాలి. కొట్టివేతలు వద్దు, వరస గురించి ఆలోచించొద్దు. కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు 1954లో ప్రచురించిన పద్ధతి ఇది. సగానికి వచ్చేసరికి చాలామందికి పెన్ను ఆగిపోతుంది. ఆగినా లేవకండి. నేను చూసినంతలో, మనిషి గురించి అసలు విషయం చెప్పే వాక్యాలు ఆ తర్వాతే వస్తాయి.

రాసింది చదివేటప్పుడు మొదట రెండు రకాలు విడదీయండి. ‘నేను బైపీసీ విద్యార్థిని’, ‘నేను పెద్దకూతుర్ని’ లాంటివి ఎవరైనా సరిచూడగల మాటలు. ‘నేను దేనికీ పనికిరాను’, ‘నేను తొందరగా ఏడ్చేస్తాను’ లాంటివి మన తీర్పులు. మామూలుగా మొదటి రకం ముందు వస్తుందని కూన్, మెక్‌పార్ట్‌లాండ్ గమనించారు. రెండో వాక్యానికే తీర్పు వచ్చేస్తే నేను అక్కడ ఆగి మాట్లాడతాను. అన్నట్టు, ‘నేను మా అమ్మ కొడుకుని’, ‘నేను మా తమ్ముడికి అక్కని’ అని ఎక్కువ రాస్తే సొంత వ్యక్తిత్వం లేదనుకోకండి. బంధాల్లోంచి తనను తాను చూసుకోవడం కూడా ఒక నిండైన స్వీయభావనే అని హేజెల్ మార్కస్, షినోబు కితయామా అనే మనస్తత్వవేత్తలు 1991లో వివరంగా రాశారు.

ఇప్పుడు అసలు పని. ప్రతి తీర్పు పక్కన ‘ఎవరితో పోల్చి?’ అని రాసి జవాబు నింపండి. దీనికి ఎంత సమయమైనా ఇవ్వండి. పదో తరగతిలో మండలానికి ఫస్ట్ వచ్చిన అమ్మాయి నగరంలోని కాలేజీలో టాప్ సెక్షన్‌లో చేరుతుంది. వారాంతపు పరీక్షలో నలభయ్యో ర్యాంకు వస్తుంది. ఆర్నెల్లలో కాగితం మీద ‘నేను మొద్దుని’ అని కనపడుతుంది. ఆమె తెలివి తగ్గలేదు, పక్కన కూర్చున్నవాళ్ళు మారారు. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980లలో ఆస్ట్రేలియాలో దీన్ని బాగా పరిశీలించాడు: సమానమైన సామర్థ్యం ఉన్న ఇద్దరు పిల్లల్లో, బాగా చదివేవాళ్ళ మధ్య చేరినవాడికి చదువు విషయంలో తన మీద తనకున్న అభిప్రాయం తక్కువగా ఉంటుంది. తర్వాత 26 దేశాల పదిహేనేళ్ళ పిల్లల మీద కూడా అదే తేలి 2003లో అచ్చయింది. ర్యాంకులవారీగా సెక్షన్లు విడగొట్టే మన పద్ధతి ఈ దెబ్బని తయారుచేసి మరీ ఇస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే ఆ జవాబు ‘మా సెక్షన్‌లో మొదటి పదిమందితో’ అని అమ్మాయే తన చేత్తో రాయాలి. నేను చెప్తే ఓదార్పులా వినపడుతుంది, తను రాస్తే లెక్కలా కనపడుతుంది.

పోలిక మనలో మనకే జరగడం కూడా ఉంది. కెమిస్ట్రీలో తొంభై, ఫిజిక్స్‌లో ఎనభై వచ్చిన పిల్లవాడు ‘నాకు ఫిజిక్స్ రాదు’ అని రాస్తాడు. క్లాసులో ఎనభై దాటినవాళ్ళు ఎందరున్నారని అడిగితే అప్పుడు తల ఎత్తుతాడు.

తర్వాత, దేని మీద ఎంత పందెం కాశారో చూడండి. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే ఆత్మగౌరవాన్ని ఒక భిన్నంగా రాశాడు: పైన సాధించింది, కింద ఆశించింది. మనస్తత్వశాస్త్రం తనకంటే ఎవరికైనా ఎక్కువ తెలిస్తే తనకు సిగ్గుగా ఉంటుందనీ, గ్రీకు రాకపోయినా దిగులే లేదనీ చెప్పుకున్నాడు. మన ఇళ్ళలో పైఅంకె గురించే మాట్లాడతాం. నేను కింది అంకె గురించి కూడా అడుగుతాను: ఇరవైలో ఎన్ని వాక్యాలు మార్కులు, ర్యాంకు, సీటు చుట్టూ తిరుగుతున్నాయి? పద్నాలుగు, పదిహేను వస్తే, ఒక్క చెడ్డ పరీక్ష మొత్తం మనిషినే కూల్చేయడంలో ఆశ్చర్యం లేదు. తమ గురించి వేర్వేరు పార్శ్వాలు ఎక్కువగా చెప్పగలిగినవాళ్ళు ఒత్తిడి వచ్చినప్పుడు తక్కువ కుంగారని పెట్రీషియా లిన్‌విల్ అనే మనస్తత్వవేత్త 1987లో ప్రచురించింది. తర్వాతి పరిశోధనలన్నీ దాన్ని ఒకేలా సమర్థించలేదు కాబట్టి దీన్ని మందులా రాసివ్వను. కానీ వాలీబాల్, కోలాటం, తమ్ముడికి లెక్కలు చెప్పడం లాంటివి పదో తరగతిలో ఉండి ఇప్పుడు కాగితం మీద కనపడకపోతే, వాటిలో ఒకదానికి వారంలో ఒక గంట తిరిగి ఇవ్వమని తల్లిదండ్రుల్ని పట్టుబట్టి అడుగుతాను.

చివరిగా కాగితం వెనక్కి తిప్పి రెండు నిలువు గళ్ళు గీయండి. ఒకదానిలో ‘నేను ఎలా ఉంటే నాకు ఇష్టం’, రెండోదానిలో ‘నేను ఎలా ఉండాలని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు’. ఇప్పటి మనకీ మొదటి గడికీ మధ్య దూరం పెరిగితే నిరాశ, దిగులు వస్తాయని, ఉండి తీరాలనుకునే బాధ్యతలకు దూరమైతే ఆందోళన, భయం వస్తాయని టోరీ హిగిన్స్ అనే మనస్తత్వవేత్త 1987లో ప్రతిపాదించాడు. నిద్రపట్టక, పరీక్షహాల్లో చేతులు వణికే పిల్లల కాగితాల్లో నాకు రెండో గడే పొడుగ్గా కనపడుతుంది. అప్పుడు పిల్లవాడికంటే ముందు నాన్నగారితో మాట్లాడాలి.

పెద్దవాళ్ళకి ఒక మాట. ఆ కాగితం పిల్లలు చూపిస్తేనే చూడండి. పుస్తకాల్లోంచి తీసి చదవొద్దు. చూపించినప్పుడు ‘ఛ, నువ్వు మొద్దువేంటి’ అని కొట్టిపారేయకండి. ‘ఇది ఎప్పటినుంచి అనిపిస్తోంది?’ అని అడిగి, చెప్పిందంతా వినండి. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి వాక్యం కనిపిస్తే ఈ కసరత్తు అక్కడితో ఆపి, పిల్లల్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మిగతావాళ్ళు కాగితం మీద తేదీ వేసి దాచుకోండి. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మళ్ళీ రాయండి, హాస్టల్ గదిలో కాకుండా ఇంట్లో కూర్చుని. రెండోది పూర్తయ్యేదాకా మొదటిది తెరవకండి.