పాత చందమామలు కొనేటప్పుడు సంచిక స్థితిని అంచనా వేయడం ఎలా?

పాత చందమామ సంచికల కోసం వెదికేవారిలో చాలామంది ముందు ముఖచిత్రం చూసి మురిసిపోతారు, తరువాత ధర అడుగుతారు, ఇంటికి వచ్చాక తీరిగ్గా పేజీలు లెక్కపెడతారు. నా అనుభవంలో ఈ వరుస తిరగబడాలి. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం ఎంత నిగనిగలాడుతున్నా, లోపల కాగితాలు పోయిన సంచిక కొన్నామంటే అదే నెల సంచిక కోసం మళ్ళీ వెదుకులాట మొదలైనట్టే. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఈ పత్రిక ఇంటిల్లిపాదీ చదివి, పక్కింటివారికి ఇచ్చి, సెలవులకు వచ్చిన పిల్లల చేతుల్లో నలిగిన పత్రిక. కనుక లోపంలేని పాత ప్రతి దొరకడం అరుదు. దొరికిన ప్రతిలో ఏ లోపం ఎంత ఉందో కనిపెట్టి, దాన్ని తోటి సేకర్తకు ఉన్నదున్నట్టు చెప్పగలగడమే గ్రేడింగ్‌లో అసలు విద్య.

మొదటి పని పేజీల లెక్క. మధ్యలో పిన్నులు కొట్టిన పత్రికలో ప్రతి కాగితమూ సగానికి మడిచి ఉంటుంది కాబట్టి, ఒక్క కాగితం ఊడితే నాలుగు పేజీలు పోతాయి. ముందు సగంలో రెండు, వెనుక సగంలో రెండు. నడిమి కాగితం ఊడితే మాత్రం నాలుగూ ఒకేచోట పోతాయి. పిన్నుల చుట్టూ తుప్పు పట్టినప్పుడు ముందుగా జారిపోయేది ఆ నడిమి కాగితమే. పోస్టులో తెప్పించుకున్న 1960ల నాటి సంచిక ఒకటి నాకు ఈ పాఠం నేర్పింది. అమ్మిన వ్యక్తి పంపిన ఫొటోలన్నీ అట్టవే. సంచిక చేతికి వచ్చాక చదువుతూ పోతే, కథలో రాజు తీర్పు చెప్పబోయే చోట 30వ పేజీ ముగిసి, ఎదురుగా 35వ పేజీ కనిపించింది. పిన్నులు ఉన్నచోట రెండు గోధుమరంగు మరకలు తప్ప మరేమీ మిగలలేదు. అప్పటినుంచి నడిమి పేజీల ఫొటో, పిన్నుల ఫొటో చూడకుండా నేను డబ్బు పంపలేదు.

మన దగ్గర దొరికే పాత చందమామల్లో చాలా భాగం బైండు పుస్తకాల నుంచి విడదీసినవే. బైండు చేయించుకున్న కుటుంబాలే ఆ సంచికలను చెత్తబుట్ట పాలు కాకుండా కాపాడాయన్న మాట నిజమే కానీ, బైండరు చేతిలో సంచికకు మూడు రకాల నష్టం జరుగుతుంది. అట్టలు తీసివేయవచ్చు, వీపుకు కాస్త ఇవతలగా దారం కుట్టిన రంధ్రాలు పడతాయి, అన్నిటికన్నా పెద్ద నష్టం, మూడువైపులా అంచులు కత్తిరించబడతాయి. ఈ కత్తిరింపు విడిగా చూస్తే తెలియదు, పైగా అంచులు నున్నగా ఉండటంతో సంచిక కొత్తదిలా కనిపించి మోసపుచ్చుతుంది. అదే ఏడాది నాటి కత్తిరించని సంచికను పక్కన పెట్టి పొడవు వెడల్పులు పోల్చి చూడాలి. ముఖచిత్రం అంచుకు దగ్గరగా ఉన్న "వ.పా." సంతకంలో కొంత భాగం తెగిపోయి ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. అంచులు కోసిన సంచికను కొనకూడదని నేను అనను, నా దగ్గరా చాలా ఉన్నాయి. అయితే కోసిన సంగతి చెప్పకుండా అమ్మడం మాత్రం తప్పు.

తరువాత కాగితం చూడాలి. చవక కాగితం గాలి తగిలే అంచుల దగ్గర ముందుగా పండి, లోపలికి పోయేకొద్దీ లేతగా ఉంటుంది. పేజీ అంతా ఒకే రంగులో సమానంగా పసుపెక్కి, పిన్నులు మాత్రం తళతళలాడుతుంటే, స్కాన్ చేసిన బొమ్మల నుంచి ఈమధ్య అచ్చువేసిన నకలు కావచ్చునని అనుమానించాలి. భూతద్దం పెట్టి అక్షరాలు చూస్తే, నకలులో గీతల అంచులు అలుక్కుపోయినట్టు ఉంటాయి. పేజీ మూలను మెల్లగా వంచితే పెళుసుగా విరిగే కాగితానికి, ఎంత అందంగా ఉన్నా, పెద్ద ధర పెట్టకూడదు. సెల్లోటేపు అతికించినచోట జిగురు గోధుమరంగులోకి మారి వెనుక పేజీకి కూడా దిగుతుంది. దాన్ని పీకడానికి ప్రయత్నిస్తే అచ్చు ఊడివస్తుంది, కాబట్టి అలాగే ఉంచి లోపంగా రాసుకోవడమే మేలు. అట్ట మడతల్లో తెల్లగా విరిగినచోట స్కెచ్ పెన్నుతో రంగు దిద్దే అలవాటు కొందరికి ఉంది. అట్ట లోపలివైపు చూస్తే ఆ సిరా ఊరిన చుక్కలు కనిపిస్తాయి.

ఇక గ్రేడు. అమెరికాలో కామిక్స్ సేకర్తలు 0.5 నుంచి 10 వరకు అంకెలు వేస్తారు. అక్కడ 2000లో మొదలైన సీజీసీ అనే సంస్థ సంచికను పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తుంది. ఆ కొలతలో 9.4 అంటే నియర్ మింట్ (దాదాపు కొత్తదిలా ఉన్నది), 6 అంటే ఫైన్, 2 అంటే గుడ్. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు: "గుడ్" అంటే మంచి స్థితి అని అర్థం చేసుకుంటారు, కానీ ఆ కొలతలో అది బాగా నలిగి, చదవడానికి మాత్రం పనికివచ్చే ప్రతి. అందువల్ల నేను అంకె కన్నా ముందు లోపాల జాబితా రాస్తాను: "పేజీలు పూర్తిగా ఉన్నాయి, వెనుక అట్ట లేదు, పై అంచు కోసి ఉంది, మొదటి పేజీలో సిరాతో పేరు ఉంది, పిన్నులు తుప్పు పట్టాయి." ఈ ఒక్క వాక్యం ఏ అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. పేరు రాసి ఉండటాన్ని నేను పెద్ద లోపంగా లెక్కించను; ఆ పేరు ముఖచిత్రం మీద పడితే మాత్రం గ్రేడు తగ్గించాలి.

అమర చిత్ర కథల విషయంలో చిక్కు వేరు. 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన ఆ బొమ్మల కథల పుస్తకాలు పదేపదే పునర్ముద్రణ పొందాయి కనుక, అదే శీర్షిక ఉన్నంత మాత్రాన తొలి ముద్రణ అనుకోకూడదు. అట్టమీద ధర చూడాలి. ఇతర పుస్తకాల జాబితా ఎక్కడైనా అచ్చువేసి ఉంటే, అందులో తరువాతి కాలంలో వచ్చిన శీర్షికలు ఉన్నాయేమో పరిశీలించాలి. ఉంటే అది పునర్ముద్రణే.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచే చోట కొనేవారు పొద్దున్నే వెళ్ళాలి. ఎండలో ఎక్కువసేపు ఉన్న అట్టల రంగు వెలుస్తుంది. బేరమాడేటప్పుడు సంచికను చులకన చేసి మాట్లాడటం కన్నా, కనిపించిన లోపాన్ని వేలుపెట్టి చూపించి ధర అడగడం మర్యాద, లాభం కూడా.

తోటి సేకర్తకు పంపేటప్పుడు సంచికను పాలీప్రొపిలీన్ కవరులో పెట్టి, రెండువైపులా గట్టి అట్టముక్కలు ఉంచి, కవరుకు తప్ప సంచికకు ఎక్కడా టేపు తగలకుండా కట్టాలి. పీవీసీ కవర్లు వాడకూడదు, కొన్నేళ్ళకు అవి అట్టమీది సిరాకు అంటుకుంటాయి. పార్సిలు అందినవారు విప్పుతూనే పేజీలు లెక్కపెట్టి, చెప్పని లోపం ఏదైనా కనిపిస్తే మూడు రోజుల్లో ఫొటోతో తెలియజేయాలని, అలా తెలియజేస్తే సంచిక తిరిగి తీసుకుని డబ్బు వెనక్కి ఇవ్వాలని బేరం కుదిరిన రోజే ఇద్దరూ రాసుకోవాలి.