డిప్రెషన్, ఆందోళన ఉన్నప్పుడు బరువు తగ్గడం ఎలా?

బరువు తగ్గాలనుకున్న మనిషికి ఊళ్లో ప్రతి ఒక్కరూ ఇచ్చే సలహా ఒకటే, నోరు కట్టేసుకో, తెల్లారుజామున లేచి నడువు అని. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు నడకకు ముందే ఇంకో పెద్ద పని ఉంటుంది, మంచం దిగడం. ఒక్కోరోజు ఉన్న ఓపికంతా దానికే అయిపోతుంది. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకేమో తిండే మందు, గుండెల్లో దడ మొదలైతే చెయ్యి దానంతటదే మిక్చర్ డబ్బాలోకి పోతుంది. ఇలాంటివాళ్లు మామూలు డైట్ ప్లాన్ పట్టుకుంటే కొద్దిరోజులకే వదిలేస్తారు, వదిలేశాక నా వల్ల ఏదీ కాదు అని ఇంకాస్త కుంగిపోతారు. నేను చెప్పేదల్లా ఒకటే, మీ మనసు ఇప్పుడు ఎంత మోయగలదో అంతకే ప్లాన్ వేసుకోండి. ఎలాగో మన నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లను దృష్టిలో పెట్టుకుని వరసగా చెప్తాను.

1. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి

జిమ్‌లో డబ్బు కట్టే ముందు రక్తపరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే బరువు పెరుగుతుంది, ఎప్పుడూ మత్తుగా, దిగులుగా ఉంటుంది, అచ్చం డిప్రెషన్ లాగే. అదే థైరాయిడ్ అతిగా పనిచేస్తే దడ, చెమటలు, చేతులు వణకడం, అది ఆందోళన లాగే కనిపిస్తుంది. కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, విటమిన్ బీ12, షుగర్ చూడమని అడగండి. నెలసరి సరిగా రాని ఆడపిల్లలకు పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో కూడా చూస్తారు. కారణం ఇక్కడే దొరికితే సగం బరువు దిగినట్టే.

తర్వాత మనసు సంగతి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, డాక్టర్లు వాడేదే. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టును కలవాల్సిందే. చివరి ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మిగతా మార్కులతో పని లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి, బరువు సంగతి పూర్తిగా పక్కన పెట్టేయండి.

నెల్లూరు వాళ్లకు పెద్దాసుపత్రి, ఒంగోలు వాళ్లకు రిమ్స్, రెండూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే, మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఎవరైనా చూస్తారేమోనని వెళ్లలేకపోతున్నారా, 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేమీ తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఉదయగిరి దగ్గర పల్లెలోనో గిద్దలూరులోనో ఉండి బస్సెక్కి రాలేనివాళ్లకు ఇది చాలా మేలు.

2. మందుల గురించి సొంత నిర్ణయాలు వద్దు

మనసు జబ్బులకు ఇచ్చే కొన్ని మందులతో ఆకలి పెరుగుతుంది, ఒళ్లు వస్తుంది, అది నిజమే. మిర్టాజపిన్, ఒలాంజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఆ కోవలోవి. ఫ్లూక్సెటిన్ లాంటి వాటితో ఆ బెడద సాధారణంగా తక్కువ. కానీ లావవుతున్నానని మీ అంతట మీరే మాత్ర ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆపైన జబ్బు తిరగబెట్టడం కూడా ఉంటుంది. మందు మొదలుపెట్టాక గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది, వారానికే పనిచేయలేదని మానేసేవాళ్లు చాలామంది. నెలనెలా బరువు రాసుకుని ఆ కాగితం డాక్టరుకు చూపించి, "మందు మార్చే వీలుందా సార్" అని నేరుగా అడగండి. అడిగితే కోప్పడరు.

బైపోలార్ లాంటి మనసు జబ్బులకు ఇచ్చే లిథియం వాడేవాళ్లు మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూట్యూబ్ చూసి ఉప్పు మానేయడం, రోజుల తరబడి లిక్విడ్స్ మీద ఉండటం చేస్తే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి ఆలోచిస్తున్నవాళ్లు కూడా డిప్రెషన్ ఉన్న సంగతి ఆ డాక్టరు దగ్గర దాచకూడదు.

3. ఆకలితో మనసును చంపుకోకండి

ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు 24 వారాల పాటు సగం తిండే పెట్టి చూశాడు, రోజుకు దాదాపు 1,600 క్యాలరీలు. ఏ మానసిక జబ్బూ లేని ఆ కుర్రాళ్లు దిగులు పడిపోయారు, ప్రతిదానికీ చిరాకు పడ్డారు, ఎవరితోనూ మాట్లాడటానికి ఇష్టపడలేదు, పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు, కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టులు చూడండి, 1,000, 1,200 క్యాలరీలని రాసుంటాయి! నిబ్బరంగా ఉన్న మనిషినే కడుపు మాడ్చడం అంతగా కుంగదీస్తే, ముందే కుంగిపోయిన మనిషి సంగతి చెప్పేదేముంది.

అందుకని రోజూ తినేదాంట్లో 300 నుంచి 500 క్యాలరీల కంటే ఎక్కువ తగ్గించొద్దు. మనసు బాగాలేని వారాల్లో 200 తగ్గించినా చాలు. లక్ష్యం కూడా చిన్నదిగా పెట్టుకోండి, ఉన్న బరువులో 5 శాతం. 80 కిలోలుంటే 4 కిలోలు, ఆరు నెలల్లో. అంత చిన్నదానికే బీపీ, షుగర్ మెరుగుపడతాయి, నవ్వుకునేవాళ్లను నవ్వుకోనివ్వండి.

4. మన పళ్లెంలోనే మార్పు

ఓట్సు, కీన్వా కొనక్కర్లేదు. పొద్దున నెయ్యి కారం దోశ రెండు తినేచోట ఒకటి తిని, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పో కూరో ఇంకో గరిటె వేసుకోండి. 100 గ్రాముల అన్నంలో 130 క్యాలరీల దాకా ఉంటాయి, ఒక్క గరిటె తగ్గించినా లెక్కలోకొస్తుంది. చేపల పులుసు మానమని ఎవరైనా చెప్తే వినకండి. మామిడికాయ వేసిన పులుసు మర్నాటికి ఊరి ఇంకా రుచిగా ఉంటుంది, అప్పుడే రెండోసారి అన్నం పెట్టుకునేది, కాబట్టి ముందే ముక్కలు రెండు ఎక్కువ, అన్నం తక్కువ పెట్టుకుని కూర్చోండి. నెత్తళ్లు, గుడ్లు, శనగలు, పెరుగు, ఇవి కడుపు నిండుగా ఉంచుతాయి.

టీ సంగతి విడిగా చెప్పాలి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే చక్కెరే 160 క్యాలరీలు. పైగా టీ, కాఫీల్లోని కెఫీన్ దడ పెంచుతుంది, సాయంత్రం తాగితే నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు ఆకలి, చిరాకు రెండూ ఎక్కువే. రెండు టీలకు దిగండి, నాలుగు గంటల తర్వాత వద్దు. ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది, వారానికొకటి చొప్పున తగ్గించండి.

5. రాత్రి పదకొండు గంటల గండం

పగలంతా పద్ధతిగా తిన్న మనిషి కూడా పడేది ఇక్కడే. ఇంట్లో అందరూ పడుకున్నారు, ఫోను చూసి చూసి కళ్లు మండుతున్నాయి, రేపటి ఈఎంఐ గుర్తొచ్చింది, వంటింట్లో ఫ్రిజ్ మీద స్టీలు డబ్బా ఉంది. లైటు కూడా వేయకుండా మూత తీసి, నిలబడే, గుప్పెళ్లకొద్దీ తినేస్తారు. ఏం రుచో కూడా తెలియదు. 50 గ్రాముల మిక్చర్‌లో 250 క్యాలరీల దాకా ఉంటాయి, కానీ దానికంటే చేటు చేసేది తర్వాత వచ్చే ఏడుపు.

అప్పుడు చేయాల్సింది ఇది. ముందు లైటు వేయండి. గ్లాసుడు నీళ్లు తాగి కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. అప్పుడు మిమ్మల్ని మీరు అడగండి, ఇది ఆకలా, బాధా? ఆకలైతే నిజంగానే తినండి, చిన్న గిన్నెలో పెరుగన్నం, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని. బాధైతే ఒక్క ముక్క కాగితం మీద రాయండి, "ఈఎంఐ" అని రాసినా చాలు. ఇంకొకటి, రోజూ సాయంత్రం ఆరింటికి పావుగంట టెన్షన్ల కోసమే కేటాయించి, ఉన్నవన్నీ రాసేసి, వాటిలో రేపు చేయగలిగింది ఏదో ఒకటి గుర్తుపెట్టుకోండి. రాత్రి అవే మళ్లీ వస్తే, రేపు ఆరింటికి చూద్దాం అని వాయిదా వేయడం కొన్నాళ్లకు అలవాటవుతుంది.

తినేశారా, సరే. మర్నాడు పస్తుండకండి. పస్తుంటే రాత్రికి మళ్లీ అదే జరుగుతుంది, ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, వారంవారం అదుపు తప్పి తినడం ఉంటే బరువు తగ్గే ప్రయత్నం ఆపేసి సైకియాట్రిస్టుకు చెప్పండి, దానికి వేరే చికిత్స ఉంది.

6. నడక, మన వాతావరణానికి తగ్గట్టు

వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దాన్ని మొదటి రోజే పట్టుకోవద్దు. చెప్పులేసుకుని వీధి చివరి దాకా వెళ్లి రండి, అంతే. ఉత్సాహం వచ్చాక వెళ్దామని కూర్చుంటే డిప్రెషన్‌లో ఆ ఉత్సాహం రాదు, కదిలాకే కాస్త వస్తుంది. ఒక్కరే వెళ్లలేకపోతే నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్లు చాలామంది ఉంటారు, ఎవరితోనూ మాట్లాడకపోయినా మనుషుల మధ్య ఉన్నట్టుంటుంది. మైపాడు, కొత్తపట్నం దగ్గరివాళ్లకు సముద్రమే ఉంది.

ఆందోళన ఉన్నవాళ్లు వేగంగా నడిస్తే గుండె కొట్టుకోవడం చూసి, మళ్లీ ప్యానిక్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్ర భయం) వస్తోందని బెదిరిపోతారు. నడిస్తే గుండె వేగం పెరగాలి, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గాలి. గుండె బాగుందని డాక్టరు చెప్పాక, నెమ్మదిగా మొదలుపెట్టి ఆ దడకు ఒంటిని అలవాటు చేస్తే ప్యానిక్ భయం కూడా తగ్గుతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే మాత్రం నడక ఆపి చూపించుకోండి.

మన దగ్గర రెండు గడ్డు కాలాలు. రోహిణి కార్తె ఎండల్లో పొద్దున ఆరు లోపే నడవాలి, లేదా సాయంత్రం ఏడు దాటాక. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు, ఈశాన్య రుతుపవనాల వాన మనకే ఎక్కువ, వాయుగుండం పడితే రోజుల తరబడి ముసురు, వెలుతురు లేక మనసు కూడా ముసురు పట్టినట్టుంటుంది. ఆ నెలల కోసం ముందే అనుకోండి, వరండాలో పది నిమిషాలు పొద్దున, పది నిమిషాలు రాత్రి, వాన తెరిపిస్తే వెంటనే బయటికి.

7. కాటా, మనుషుల నోళ్లు

వారానికి ఒక్కరోజే బరువు చూసుకోండి. ఒంట్లో నీరు, ఉప్పు, నెలసరి వల్ల ఒక్క రోజులోనే కిలో, రెండు కిలోలు అటూఇటూ అవుతుంది, అది కొవ్వు కాదు. కాటా చూస్తే రోజంతా పాడవుతుందనుకుంటే మూడు నెలలు చూడొద్దు, నడుముకు దారం కొలత చాలు.

ఇక పెళ్లిళ్లు. కందుకూరులోనో కావలిలోనో బంతి దగ్గరే ఎవరో ఒకరు అంటారు, "ఏందిమ్మే, ఇట్టా లావైపోయినావు?" అని. దానికి జవాబు ఇంటి దగ్గరే అనుకుని పోండి. "డాక్టరు చూస్తా ఉండాడులే పిన్నీ, నువ్వెట్టా ఉండావు?" అంటే మాట అటు తిరిగిపోతుంది. ఇంట్లోవాళ్లకు నా మనవి, పళ్లెంలోకి తొంగిచూడకండి. "ఇంకా తింటున్నావా" అనే బదులు "కాసేపు అట్టా నడిచొద్దాం రా" అనండి, మిక్చర్ డబ్బా మీరూ కొనకండి.

8. ఏమీ చేయలేని వారాలు

వస్తాయి. పొగాకు వేలంలో ధర పడిపోయిన వారం, రొయ్యల చెరువులో వైరస్ వచ్చిన వారం, పిల్లల పరీక్షలు, ఇంట్లో చావు. అప్పుడు తగ్గడం గురించి ఆలోచించొద్దు, ఉన్న బరువు ఉంటే చాలనుకోండి. మూడు పూటలా తినడం, మాత్ర వేసుకోవడం, స్నానం, పది నిమిషాలు బయటి వెలుతురు, ఈ నాలుగూ రాసి గోడ క్యాలెండరు పక్కన అంటించుకోండి, అయినవాటికి టిక్కు పెట్టండి. రెండు వారాలు దాటినా ఈ నాలుగూ చేయలేకపోతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. అంతా సజావుగా సాగుతుంటే మూడు నెలలకు మళ్లీ పీహెచ్‌క్యూ-9 చేసి, పాత కాగితంతో పాటు తీసుకెళ్లి, ముందు ఆ మార్కులు, తర్వాత బరువు చూపించండి.