ఇంట్లో సీఎన్‌సీ, 3వ పాఠం: మట్టం చూసుకోవడం

పోయిన పాఠంలో 3018 రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కే చిన్న మిషన్) ఫ్రేమ్ నిలబెట్టాం. బోల్టులు పూర్తిగా బిగించొద్దన్నది ఇవాళ్టి పని కోసమే.

ముందు స్పిరిట్ లెవెల్ పక్కన పెట్టేయండి. మొదటిసారి నేను దాంతోనే రెండు సాయంత్రాలు తంటాలు పడ్డాను. బుడగ నడిమధ్యకి వచ్చింది, చెక్కిన పేరు మాత్రం ఒకవైపు లోతుగా, ఒకవైపు గీకినట్టుగా వచ్చింది. మిషన్ భూమికి మట్టంగా ఉండక్కర్లేదు. బల్ల కాస్త వాలుగా ఉన్నా ఫర్వాలేదు. మిషన్ భాగాలు ఒకదానికొకటి మట్టంగా ఉండాలి, అంతే.

వంటగది గ్రానైట్ గట్టు ఖాళీ చేయించుకుని (ఇంట్లోవాళ్లని ఒప్పించే బాధ్యత మీదే) ఫ్రేమ్ దానిమీద పెట్టండి. ఎదురెదురు మూలలు నొక్కితే కుక్కి మంచంలా ఊగుతోందా? అయితే ఫ్రేమ్ మెలి తిరిగింది. ఆ మూల బోల్టులు వదులు చేసి, నాలుగు కాళ్లూ ఆనాక, కారు చక్రం నట్లలా ఎదురెదురుగా బిగించండి. తర్వాత టేపుతో కర్ణాలు కొలవండి. రెండూ సమానంగా వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టే. పునాది ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ చూసుకునేదీ ఇదే.

ఇక అసలు పని, స్పిండిల్ (చెక్కే బిట్‌ని తిప్పే మోటారు) బెడ్‌కి (చెక్కాల్సిన ముక్కని పెట్టే బల్లకి) నిట్టనిలువుగా ఉందో లేదో చూడటం. కరెంటు ప్లగ్ తీసేయండి. పాత సైకిల్ పుల్ల ఒకటి వంచి, ఒక కొస కోలెట్‌లో, అంటే స్పిండిల్ చివర బిట్‌ని పట్టుకునే బిగింపులో, బిగించండి. రెండో కొస స్పిండిల్ మధ్య నుంచి 75 మి.మీ. దూరంలో బెడ్ వైపు దిగి ఉండాలి. బెడ్ మీద జిరాక్స్ కాగితం పరిచి, కాగితం కాస్త పట్టి జారేంత వరకు స్పిండిల్ దించండి. ఇప్పుడు చేత్తో తిప్పుతూ ఎడమ, కుడి, ముందు, వెనక చూడండి. నాలుగుచోట్లా అదే పట్టు ఉండాలి.

ఎడమ కుడి తేడా ఉంటే స్పిండిల్ పట్టిన బ్రాకెట్‌ని వదులు చేసి కొంచెం తిప్పితే సరిపోతుంది. ముందు వెనక తేడాకి కూల్‌డ్రింక్ డబ్బా రేకు కావాలి. దాని మందం దాదాపు 0.1 మి.మీ. ముందు వైపు సందు ఎక్కువుంటే బ్రాకెట్ వెనక పైభాగంలో ముక్క పెట్టండి, వెనక ఎక్కువుంటే కిందిభాగంలో. బ్రాకెట్ ఎత్తు 50 మి.మీ. అయితే, పుల్ల దగ్గర 0.3 మి.మీ. తేడాకి ఒక్క ముక్క చాలు.

ఆ కాస్త తేడా మిగిలినా టెన్షన్ పడకండి. 6 మి.మీ. బిట్ కింద అది 0.012 మి.మీ. మెట్టే అవుతుంది, చెక్క మీద గోటికి కూడా తగలదు.

చివరిగా, బెడ్ మీద 12 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన) పలక బిగించండి. స్క్రూ తలలు బాగా లోపలికి దిగాలి, లేకపోతే బిట్ వాటినే కొడుతుంది. పలకంతా పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, మాస్క్ పెట్టుకుని 0.3 మి.మీ. లోతున ఒక పొర తీయించండి. గీతలు మిగిలినచోట పల్లం ఉన్నట్టు. అన్నీ పోయేదాకా మరో పొర తీయించండి. ఎండీఎఫ్ తేమకి ఉబ్బుతుంది కాబట్టి వానాకాలం పోయాక ఈ ఒక్క పని మళ్లీ చేసుకోవాలి.

వచ్చే పాఠానికి వెర్నియర్ కాలిపర్ దగ్గర పెట్టుకోండి. 100 మి.మీ. జరగమంటే మిషన్ ఎంత జరుగుతోందో కొలుద్దాం.