సోలార్ పెట్టినా బిల్లు తగ్గట్లేదా? ముందు ఈ మూడంకెలు చూడండి

పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ వచ్చాక మా ఒంగోలు, కందుకూరు వైపు చాలామంది మిద్దె మీద ప్యానెళ్ళు పెట్టించుకున్నారు. పెట్టించుకున్నోళ్ళు అడిగే మొదటి మాట, ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ యాప్‌లో ఉత్పత్తి 360 యూనిట్లు చూపిస్తుంటే బిల్లులో ఎక్స్‌పోర్ట్ (మనం లైన్‌లోకి పంపింది) 210 యే ఉంది, మిగతా 150 ఎవరు తిన్నారు అని.

ఎవరూ తినలేదు, పగలు మీ ఫ్రిజ్జూ ఫ్యాన్లూ మోటారూ నేరుగా వాడేసుకున్నాయి, అది మీటరు దాకా వెళ్ళనే వెళ్ళదు. లెక్క ఇట్టా వేసుకోండి: యాప్‌లో ఉత్పత్తి, అందులోంచి ఎక్స్‌పోర్ట్ తీసేసి, ఇంపోర్ట్ (లైన్ నుంచి మనం తీసుకున్నది) కలపండి. ఇంపోర్ట్ 240 ఉందనుకుంటే 360 లోంచి 210 పోను 150, దానికి 240 కలిపితే 390, అదీ మీ ఇంటి అసలు వాడకం. సోలార్ రాకముందు బిల్లులో 280 ఉండేదనుకోండి, అంటే ప్యానెళ్ళు బాగానే పనిచేస్తున్నాయి, సోలార్ ఉందిగా అని ఏసీ ఎక్కువ తిరుగుతుంది అంతే. ప్రతి నెలా ఒకటో తారీఖున ఈ మూడంకెలు గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాయండి, ఇది చెయ్యకుండా మెకానిక్‌ని పిలవడం దండగ.

యూనిట్లు తగ్గినయ్

3 కిలోవాట్లకి మంచి ఎండ రోజు 12 యూనిట్ల దాకా రావాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కదా ఇంకా ఎక్కువ రావాలిగా అంటారు గానీ ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ ఎక్కే ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం పోద్ది, మిట్టమధ్యాహ్నం ప్యానెల్ 60 దాటిద్ది కూడా. నవంబర్‌లో తగ్గితే అసలు కంగారు పడొద్దు, మన వానలు ఎక్కువగా అప్పుడే, మబ్బు పోతే అదే వచ్చిద్ది.

మబ్బు లేకుండా తగ్గితే మాత్రం మిద్దె ఎక్కి ప్యానెల్ కింది అంచు చూడండి. ఫ్రేమ్ గట్టు దగ్గర రెండు వేళ్ళ వెడల్పు మట్టి చార కట్టేసి అడుగు వరుస సెల్స్‌ని (కరెంటు పుట్టించే చిన్న గళ్ళని) కప్పేసి ఉంటది, పైనంతా తళతళలాడుతున్నా సరే. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ముకి ఇది ఇంకా తొందరగా కడతది. ఎండెక్కకముందే మెత్తటి గుడ్డతో కడగండి, కాలిన గాజు మీద చన్నీళ్ళు కొడితే పగలొచ్చు. ఉప్పు బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే తెల్లగా పొర కట్టిద్ది, గీకినా పోదు, ఆఖర్న క్యాన్ నీళ్ళతో ఒకసారి తుడవండి.

నీడ కూడా చూడాలి. ప్యానెళ్ళు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద కొబ్బరి మట్ట నీడ పడినా దెబ్బ ఆ ఒక్క ప్యానెల్‌తో ఆగకపోవచ్చు. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వంగుతాడు, వేసవిలో అడ్డం రాని వాటర్ ట్యాంకు అప్పుడు అడ్డం వచ్చిద్ది.

మంచి ఎండలో ఇన్వర్టర్ ఆగిపోతుంది

యాప్ గ్రాఫ్ 11 నుంచి 2 మధ్య రంపం పళ్ళలాగా పైకి లేచి సున్నాకి పడుతుంటే అది లైన్‌లో ఓల్టేజీ ఎక్కువవ్వడం వల్లేమో చూడండి. ఇన్వర్టర్ స్క్రీన్ మీద ఓల్టేజీ 250 దాటుతుంటే టైముతో సహా ఫోటో తీసి కరెంటాఫీసులో కంప్లైంట్ రాసివ్వండి, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఓల్టేజీ పెంచే తగ్గించే ట్యాప్ చూడాల్సింది వాళ్ళే. ఈలోపు ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా వైరు సన్నంగా ఉందా, జాయింట్ లూజుగా ఉందా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇన్వర్టర్ సెట్టింగ్‌లో ఓల్టేజీ లిమిట్ పెంచేద్దాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, ఆ ఓల్టేజీ మీ ఫ్రిజ్జుకీ టీవీకీ కూడా వచ్చేదే.

కరెంటు పోయినప్పుడు ఆగిపోతే మాత్రం రిపేరు కాదు. బ్యాటరీ లేని సిస్టమ్ అట్టాగే ఆగాలి, లేకపోతే స్తంభం మీదున్న లైన్‌మెన్‌కి షాక్ కొట్టిద్ది.

వాన పడ్డ పొద్దున ఐసో ఎర్రర్

ఐసో ఎర్రర్ అంటే ప్యానెల్ వైర్ల నుంచి కరెంటు ఎర్త్‌లోకి లీకవుతోందని ఇన్వర్టర్ చెప్పడం. వైర్లు కలిపే కనెక్టర్‌లోకి నీళ్ళు పోయుండొచ్చు, ఎలకలు వైరు కొరికుండొచ్చు. దీన్ని మాత్రం మీరు ముట్టుకోవద్దు, సోలార్ మెకానిక్‌ని పిలవండి, స్విచ్ ఆపినా వెలుతురు ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో వందల ఓల్ట్లు ఉంటది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉన్నోళ్ళు ఆ వచ్చిన మెకానిక్‌తోనే ప్యానెళ్ళని నిలబెట్టే స్ట్రక్చర్ బోల్టులు కూడా చూపించండి, తుప్పు పట్టినవి పీకేసి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి, తుఫాన్ల కాలం రాకముందే.