అడిగిన పూలమొక్కనే ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

బతుకమ్మ పండుగకు తంగేడు బదులు ఇంకేదో పచ్చ పువ్వు తెచ్చినవాళ్లను మా హనుమకొండలో నేను ఇంతవరకు చూడలేదు. గునుగు విషయంలోనూ ఎవరూ పొరబడరు. చిన్నప్పటి నుంచి గట్ల వెంట తిరిగి చేత్తో తెంపినవి కదా. ఆ మనుషులే నర్సరీకి వెళ్తే మాత్రం పచ్చ గన్నేరు అడిగి టెకోమా, గోరింట అడిగి ముళ్ల గోరింట మోసుకొస్తారు. ఏడాదిపాటు నీళ్లు పోసి, అది పూశాక నన్ను పిలిచి, "సార్, ఇది ఏ మొక్క?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కొనకముందు అడిగితే ఎంత బాగుండును!

తప్పంతా నర్సరీవాళ్లదే అనలేం. ఇక్కడ అమ్మే మొక్కలు చాలావరకు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో దిగుతాయి. మొక్కతోపాటు అక్కడి పేరూ దిగుతుంది. మనం ఇక్కడి పేరుతో అడుగుతాం. మధ్యలో కుర్రవాడు తనకు తోచింది చేతిలో పెడతాడు. అందుకే పేరును నమ్ముకోవద్దు, ఆకును నమ్ముకోండి.

కావలసినవి ఒక పాత వార్తాపత్రిక, ఒక పెన్సిలు, ఒక ఖాళీ కూల్‌డ్రింకు డబ్బా. అంతే.

మొదట, మీకు నచ్చిన మొక్క ఎవరి ఇంట్లో ఉందో వాళ్లను అడిగి జానెడు కొమ్మ తీసుకోండి. అడిగి అంటున్నాను. తెల్లవారకముందే పూజ పేరుతో పరాయివాళ్ల ప్రహరీ మీదికి చెయ్యి చాచే అలవాటు మన కాలనీల్లో చాలామందికి ఉంది. కొమ్మకు కనీసం మూడు కణుపులు ఉండాలి. దాన్ని తడి కాగితంలో చుట్టుకుని వెళ్లండి. ఫోనులో ఫొటో చాలదా అంటే, చాలదు. అందరూ పువ్వునే దగ్గరగా తీస్తారు. ఆకులు కాండానికి ఎలా అతుక్కున్నాయో అందులో కనిపించదు, అసలు గుట్టంతా అక్కడే ఉంది. పేర్లు చెప్పే యాప్‌లకూ అదే ఫొటో ఇచ్చి, అవి చెప్పింది వేదంలా వల్లించేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

నర్సరీకి పొద్దున తొమ్మిదిలోపే వెళ్లాలి. పువ్వో మొగ్గో లేని మొక్క కొనకూడదు. తక్కువకు వస్తోంది కదా అని కొనకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇక్కడ తొందరపడకండి.

గన్నేరు అనేది ఒక మొక్క పేరు కాదు, నాలుగు మొక్కల పేరు. గన్నేరు, పచ్చ గన్నేరు, బిళ్ల గన్నేరు, దేవగన్నేరు. నాలుగూ ఒకే కుటుంబానివి, నందివర్ధనం కూడా వాటి చుట్టమే. కానీ చుట్టరికం వేరు, గుణం వేరు. అసలు గన్నేరు, అంటే నీరియం ఒలియాండర్, ఆకు నుంచి వేరు వరకు విషమే. పచ్చ గన్నేరూ అంతే, దాని గింజ మరీ ప్రమాదం. రెండింటిలోనూ గుండె లయను దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి. పసిపిల్లలో మేకలో ఉన్న ఇంట్లో వీటిని అందే ఎత్తులో పెట్టకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా వీధిలో ఒక పెద్దావిడకు ఎవరో "గన్నేరు ఆకు కషాయం తాగితే షుగరు తగ్గుతుంది" అని చెప్పారట. చెప్పినవాళ్ల మనసులో ఉన్నది బిళ్ల గన్నేరు. ఆవిడ గిన్నెలో కడిగి పెట్టుకున్నది మాత్రం గోడ పక్కన ఎర్రగా పూసే అసలు గన్నేరు ఆకు. మందారం అంటు ఇవ్వడానికి వెళ్లి నేను ఆ గిన్నె చూశాను కాబట్టి సరిపోయింది. ఆకులు సన్నగా, బారుగా, తోలులా దళసరిగా ఉన్నాయి. బిళ్ల గన్నేరు ఆకు అలా ఉండదు, పొట్టిగా, కొన గుండ్రంగా, మధ్యలో తెల్లని ఈనెతో ఉంటుంది. ఇంకో మాట. బిళ్ల గన్నేరు అయినా కషాయం కాచుకునే సరుకు కాదు. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు ఆ మొక్కలోంచే వచ్చాయి. అంత ఘాటైనదాన్ని మన వంటింటి కొలతలతో తాగడం ఏమిటి?

వీటిని విడదీయాలంటే పువ్వు రంగు చూడకండి, కణుపు చూడండి. ఒక్కో కణుపు చుట్టూ మూడేసి ఆకులు ఉంటే అసలు గన్నేరు. నేనైతే కొమ్మను పైనుంచి కిందికి వేలితో తడుముతూ, ప్రతి కణుపు దగ్గర ఆగి లెక్కపెడతాను. ఒక్క కణుపు చూసి తేల్చేయకండి, ఆకు రాలిపోయి ఉండవచ్చు. మూడు కణుపుల కొమ్మ తెమ్మన్నది అందుకే. సన్నని కత్తుల్లాంటి ఆకులు ఒక్కొక్కటిగా మెలిక తిరుగుతూ పైకి ఎక్కితే పచ్చ గన్నేరు. ఆకు తుంచితే చిక్కని పాలు కారతాయి. చేతులు కడుక్కోండి, అంతవరకు కళ్లు నలుపుకోకండి. ఎదురెదురుగా జంట ఆకులు, మోకాలి ఎత్తు మొక్క అయితే బిళ్ల గన్నేరు. కొమ్మ బొద్దుగా, పెద్ద పెద్ద ఆకులన్నీ చివర గుంపుగా చేరి ఉంటే దేవగన్నేరు. జంట ఆకులే ఉండి, నడుమెత్తు పొదలా పెరిగి, తుంచితే పాలు వచ్చి, తెల్లగా పూస్తే నందివర్ధనం. ఒంటి రేకుదైనా ముద్దదైనా మొక్క ఒకటే. ఏది నందివర్ధనం, ఏది గరుడవర్ధనం అని మా ఇంట్లో ఇప్పటికీ తగువే, నేను కలగజేసుకోను.

పచ్చ గన్నేరు అని టెకోమా అంటగట్టే చోట్లు ఉన్నాయి. శివపూజకని అడిగి నేనే ఒకసారి మోసపోయాను. రెండూ పసుపు గంటల్లాగే పూస్తాయి. టెకోమా ఆకు మాత్రం వేపాకులా రెమ్మకు అటూ ఇటూ చీలి, అంచుకు రంపపు పళ్లతో ఉంటుంది. ఒక్క ఆకు తిప్పి చూస్తే తేలిపోయేది, ఆ రోజు నేను పువ్వు చూసి మురిసిపోయాను.

మిగతావి తేలికే. గోరింట అని అడగకండి, మైదాకు అని అడగండి. గోరింట అంటే చేతులు పండే మొక్క ఇస్తారో, పసుపు పూల ముళ్ల గోరింట ఇస్తారో, వానాకాలంలో పూసే చిలుక గోరింట ఇస్తారో వాళ్ల దయ. "నైట్ క్వీన్" చీటీ కూడా అలాంటిదే. కొన్ని చోట్ల అది రేరాణి, కొన్ని చోట్ల మనవాళ్లు బ్రహ్మకమలం అని ఫొటోలు దిగే జెముడు జాతి మొక్క. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూస్తుంది, వరంగల్ ఎండకు ఇక్కడ బతకదు. పారిజాతం కావాలంటే ఆకు మీద వేలు రాయండి, గరుకు కాగితంలా తగలాలి. లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉండాలి. నున్నగా తగిలితే అక్కడే పెట్టేసి రండి.

ఇంటికి తెచ్చాక పేరు రాసి పెట్టండి. మార్కర్ వద్దు, మే నెల ఎండకు వెలిసిపోతుంది. కూల్‌డ్రింకు డబ్బా రేకును పట్టీలా కత్తిరించి, పెన్సిలు నొక్కి రాస్తే గీత రేకులో దిగి ఏళ్ల తరబడి ఉంటుంది. మీ ఇంట్లో పిలిచే పేరు, నర్సరీవాడు చెప్పిన పేరు, శాస్త్రీయ నామం, మూడూ రాయాలి. పట్టీని కొమ్మకు కట్టవద్దు, కాండం లావెక్కితే ఒరుసుకుంటుంది. కుండీ అంచున మట్టిలో గుచ్చండి. అసలు గన్నేరు, పచ్చ గన్నేరు పట్టీల మీద మాత్రం పేరు కంటే ముందు "విషం" అని రాయండి.