సీలియాక్ ఉందని తేలాక మన వంటింట్లో గ్లూటెన్ లేకుండా ఎలా నెట్టుకురావాలి?

“మీకు సీలియాక్ జబ్బు ఉంది, ఇక జన్మలో గోధుమ ముట్టకూడదు” అని డాక్టరు చెప్పగానే చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డు, బిస్కెట్లు, పాస్తా ఆర్డరు పెట్టడం. ఆ బిల్లు చూసి టెన్షన్ పడటం రెండో పని. అన్నం, పప్పు, చారు, పెరుగు తినే ఇంటికి ఆ ప్యాకెట్లతో పెద్దగా పని లేదు. చపాతీ, పూరీ, బ్రెడ్డు కంటికి కనిపిస్తాయి కాబట్టి మానేయడం తేలికే. పోపులో, పిండిమరలో, బజ్జీల మూకుడులో కనపడకుండా దాక్కున్న గోధుమతోనే అసలు తంటా.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ప్రొటీన్‌ను గ్లూటెన్ అంటారు. సీలియాక్ ఉన్నవాళ్ళు దాన్ని తింటే ఒంట్లోని రోగనిరోధక శక్తి తమ చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. తిన్నదాన్ని పీల్చుకునే సన్నని నూగు లాంటి పొర అరిగిపోతుంది. దాంతో విరేచనాలు, కడుపుబ్బరం, ఎంతకూ తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం. దీనికి మాత్ర లేదు, తిండి మార్చుకోవడమే వైద్యం. ఈ సంగతి నిలబెట్టినవాడు విల్లెమ్ డికె అనే నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు. 1944-45 చలికాలపు కరువులో అక్కడ బ్రెడ్డు దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు, బ్రెడ్డు మళ్ళీ రాగానే జబ్బుపడ్డారు.

1. పరీక్షలన్నీ అయ్యేదాకా గోధుమ మానకండి

వినడానికి వింతగా ఉన్నా ఇది చాలా ముఖ్యం. ముందు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు. ఐజీఏ అంటే రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ. దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో చూస్తారు. తర్వాత ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. ఎవరో చెప్పారని ముందే గోధుమ మానేస్తే రక్తంలో ఆ యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కొంత బాగుపడుతుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అప్పుడు పరీక్ష కోసం మళ్ళీ వారాల తరబడి గోధుమ తినాల్సి వస్తుంది.

ఉత్తర భారతంలో నూటికి ఒకరి దాకా ఉండే ఈ జబ్బు దక్షిణాదిలో చాలా తక్కువ. అందుకే మన దగ్గర ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు, ఐరన్ మాత్రలు మింగాక గానీ దీని పేరు వినని వాళ్ళున్నారు.

2. ఇంట్లో ఉన్నవి మూడు గుట్టలుగా పెట్టండి

మొదటి గుట్ట నిశ్చింతగా తినదగ్గవి: బియ్యం, అటుకులు, పప్పులన్నీ, జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రలు, సగ్గుబియ్యం, కూరగాయలు, గుడ్లు, చేపలు, మాంసం, పాలు, పెరుగు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, సర్వపిండి, జొన్నరొట్టె, రాగి సంగటి, ఉండ్రాళ్ళు, అరిసెలు, సున్నుండలు, సకినాలు ఇంట్లో చేసుకుంటే అన్నీ మనవే. చాలామందికి ఈ జాబితా చూశాకే ఊపిరి ఆడుతుంది.

రెండోది పూర్తిగా మానాల్సినవి: గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, మామూలు సేమ్యా, నూడుల్స్, బ్రెడ్డు, బిస్కెట్లు, బార్లీ నీళ్ళు, బీరు. బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు, కాజాలు, మైసూర్ బోండాలు మైదావే. ‘రవ్వ’ అన్న ప్రతిదాన్నీ పారేయకండి, ఇడ్లీ రవ్వ, బియ్యపు రవ్వ మంచివే. రవ్వ దోసె, రవ్వ ఇడ్లీ మాత్రం బొంబాయి రవ్వతో చేసినవి.

మూడో గుట్ట అనుమానపువి. దాని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

3. పోపుల పెట్టెతో మొదలుపెట్టండి

ఇంగువ డబ్బా తిప్పి వెనక చదవండి. అసలు ఇంగువ జిగురు చాలా ఘాటు, నేరుగా వాడలేం. అందుకే దానికి వేరే తినే జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా రకాల్లో గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నది చూసి కొనండి. ఒక్క పోపుతో పోయేదైతే ఇంత చెప్పక్కర్లేదు. పులిహోర, సాంబారు పొడి, రసం పొడి, కందిపొడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, కొన్ని పచ్చళ్ళు, ఇలా ఇంగువ చేరని చోటు లేదు. చపాతీ మానేసి ఆరు నెలలైనా టీటీజీ దిగకపోతే నేనైతే ముందు అనుమానించేది ఇంగువ డబ్బానే.

తర్వాత పాలల్లో కలుపుకునే పొడులు. హార్లిక్స్, బూస్ట్ లాంటి వాటిలో గోధుమ, బార్లీ మాల్ట్ ఉంటాయి. బలానికని వీటినే తాగించే ఇళ్ళలో పిల్లల జబ్బు తగ్గకుండా పెరుగుతుంది. ఇంట్లో కాచిన రాగి మాల్ట్ మంచిదే, కొన్న ప్యాకెట్టుకి లేబుల్ చూడాలి. రాగి సేమ్యా కొంటే అందులో రాగితోపాటు గోధుమ కలిసి ఉండటం మామూలే. సోయా సాస్ గోధుమతో చేస్తారు, గోబీ మంచూరియాకి మైదా పూస్తారు. చెగోడీలు, పునుగుల్లో బయట కొందరు మైదా కలుపుతారు. ఓట్స్ సంగతి వేరు: వాటిలో గ్లూటెన్ లేకపోయినా గోధుమతో కలిసిపోయి వస్తాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోకుండా, తర్వాత డాక్టరుని అడిగి గ్లూటెన్ ఫ్రీ ఓట్స్ మాత్రమే తీసుకోవడం మంచిది.

4. పిండిమరకు వెళ్ళడం ఆపండి

ఈ మాట అమ్మమ్మలకు నచ్చదు. కానీ ఒకసారి మర దగ్గర నిలబడి చూడండి. మీ ముందువాళ్ళు గోధుమలు పట్టించుకుంటారు. తొట్టి అంచున, రాళ్ళ మధ్యన, పిండి జారే గుడ్డ గొట్టంలో ఆ పిండి అంటుకునే ఉంటుంది. ఆ వెంటనే మీ బియ్యం పోస్తే ముందు దిగేది వాళ్ళ గోధుమపిండే. “గుప్పెడు బియ్యం వేసి ఆడించి మీది వేస్తాలెండి” అని మర అతను మంచి మనసుతోనే అంటాడు. అది సరిపోదు.

ఎందుకు సరిపోదో లెక్క చూడండి. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున కొన్ని నెలలు లోపలికి వెళ్తే పేగు దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. అంత గ్లూటెన్ రావడానికి అర గ్రాము గోధుమపిండి చాలు, అంటే ఒక చిటికెడు.

బియ్యం కడిగి ఆరబెట్టి మిక్సీలో పట్టుకోండి. పిండివంటలు, జొన్నరొట్టెలు ఎక్కువ చేసే ఇల్లయితే చిన్న కరెంటు పిండిమర కొనుక్కోవడం దండగ కాదు, అందులో గోధుమ ఎప్పుడూ పోయకూడదు. జొన్నలు, రాగులు పిండిగా కాకుండా గింజలుగానే కొనండి. రాగులు, కొర్రలు సన్నవి కాబట్టి తగిన జల్లెడ పడితే పొరపాటున కలిసిన గోధుమ గింజ పైనే మిగిలిపోతుంది. జొన్నల్లో చేత్తో ఏరాలి. గోధుమ పొడుగ్గా, నడుమ గాడితో ఉంటుంది, జొన్న గుండ్రంగా ఉంటుంది, వెంటనే తెలిసిపోతుంది. ఏరాక కడిగి ఆరబెట్టండి.

5. వంటింట్లో ఏవి విడిగా ఉండాలి?

అందరూ గోధుమ మానేస్తే ఈ గొడవే లేదు. కానీ చాలా ఇళ్ళలో షుగరున్న తాతయ్యకో నాన్నకో రాత్రి చపాతీ పడాల్సిందే. ఆ పూటకి జొన్నరొట్టె అలవాటు చేయగలిగితే వంటింట్లో సగం యుద్ధం తప్పుతుంది. కుదరకపోతే చపాతీ పీట, కర్ర, పెనం, పిండి జల్లెడ విడిగా పెట్టేయండి. స్టీలు గిన్నెలు బాగా తోమితే చాలు. చెక్క గరిటెలు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనాలు మాత్రం ఇద్దరికీ కలిపి వాడకూడదు. పూరీలు వేయించిన నూనెలో అప్పడాలు వేయించకండి. చపాతీకి తగిలిన చెంచా మళ్ళీ నెయ్యి గిన్నెలో, పచ్చడి జాడీలో పడకూడదు. ముందు మీ వంట ముగించి, మూతపెట్టి, ఆ తర్వాతే చపాతీ పిండి బయటికి తీయమనండి. పిండి గాల్లో ఎగిరి మీద పడుతుంది కాబట్టి మీ సరుకులు పై అరలో ఉండాలి.

6. లేబుల్ చదవడం నేర్చుకోండి

మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నియమం. ప్యాకెట్టు మీద అలెర్జీ కారకాల దగ్గర గోధుమ, బార్లీ, రై, ఓట్స్ ఉంటే చెప్పాలి. అమెరికాలో ఉండే మనవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ అలెర్జీ వరుసలో గోధుమ పేరు తప్పక వేస్తారు, బార్లీ పేరు వేయక్కర్లేదు. కాబట్టి పదార్థాల జాబితాలో మాల్ట్ అన్న మాట కోసం కూడా వెతకండి. గోధుమ లేనంత మాత్రాన గ్లూటెన్ లేనట్టు కాదు.

7. పెళ్ళిళ్ళు, ప్రసాదాలు, హోటళ్ళు

తిండి మార్చుకోవడం కంటే మనుషులకు చెప్పుకోవడమే కష్టం. “ఒక్క ముక్క తింటే ఏమవుతుందే!” అని పిన్ని ప్లేటులో కాజా పెట్టేస్తుంది. అలెర్జీ అని పొడిగా చెబితే దురద మాత్ర వేసుకోమంటారు. “పేగు పుండవుతుంది పిన్నీ, డాక్టరు చిటికెడు కూడా వద్దన్నారు, నాకు ఇంకో సున్నుండ పెట్టు” అంటే ఆవిడకూ పెట్టిన తృప్తి ఉంటుంది. ఏది తినమో చెప్పి ఊరుకోకుండా ఏది తింటామో చెప్పడంలోనే కిటుకుంది.

పెళ్ళికి వెళ్ళేముందు ఇంట్లో కాస్త తిని వెళ్ళండి. అక్కడ అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు చాలావరకు భయం లేనివి. సాంబారు, పులిహోరలో ఏ ఇంగువ పడిందో వంటమేస్త్రికే తెలియదు. బఫే అయితే మొదట్లోనే వెళ్ళండి, కాసేపటికి ఈ గరిటె ఆ గిన్నెలోకి మారిపోతుంది.

సత్యనారాయణ వ్రతం ఇంట్లో చేసుకుంటే ప్రసాదం బియ్యపు రవ్వతో చేయించండి. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వ, బెల్లం, నెయ్యితో చేస్తారు. తిరుపతి లడ్డుకి శనగపిండి వాడతారు. తినకూడనిది చేతికొస్తే కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇవ్వడంలో అపచారమేమీ లేదు.

హోటల్లో ఇడ్లీ కొంత నయం. దోసె వేసే పెనం మీదే రవ్వ దోసె, చపాతీ కాలుస్తారు. బజ్జీకి శనగపిండే అయినా ఆ మూకుడులోనే మైసూర్ బోండాలు వేగుతాయి. రంజాన్ నెలలో హలీం ఊరించినా అందులో గోధుమే ప్రధానం. బిర్యానీ బియ్యమే కదా అనుకుంటాం, దమ్ పెట్టేటప్పుడు హండీ మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటిస్తారు. మూత తీశాక ఆ పెంకులు లోపల రాలుతాయి, అడిగి తెలుసుకోండి.

విమానంలో గ్లూటెన్ ఫ్రీ భోజనం కావాలంటే జీఎఫ్‌ఎమ్‌ఎల్ అనే కోడ్‌తో ముందే చెప్పుకోవచ్చు. రైలుకి మాత్రం ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకోవాల్సిందే.

చిన్నపిల్లలుంటే టీచరుకి ఒక కాగితం మీద రాసివ్వండి. స్కూల్లో పుట్టినరోజు కేకులు పంచేటప్పుడు ఇవ్వడానికి వాడు తినదగ్గ చాక్లెట్ల డబ్బా ఒకటి టీచరు దగ్గరే ఉంచండి. ఆడుకునే రంగుల పిండిముద్దల్లో కూడా గోధుమ ఉండొచ్చు, ఆట అయ్యాక చేతులు కడిగించాలి.

8. పొరపాటున తింటే, ఆ తర్వాత

దీనికి విరుగుడు లేదు. నీళ్ళు ఎక్కువ తాగండి, విరేచనాలైతే ఓఆర్ఎస్ తీసుకోండి, ఏం తిన్నారో రాసిపెట్టుకోండి. “ఎలాగూ తిన్నాం కదా” అని ఆ రోజంతా తినేయకండి. కొందరికి తిన్నా ఏ బాధా ఉండదు, అయినా లోపల పేగు పాడవుతూనే ఉంటుంది.

మొదటి కొన్ని నెలలు పాలు కూడా పడకపోవచ్చు, పేగు బాగుపడ్డాక చాలామందికి మళ్ళీ అరుగుతాయి. మూడు పూటలా తెల్లన్నమే తింటే పీచు, ఐరన్ తగ్గిపోతాయి. వారంలో కొన్ని పూటలు జొన్న, రాగి, పెసలు తిప్పుకుంటూ ఉండండి. టీటీజీ పరీక్ష ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా చేయిస్తారు. ఐరన్, బీ12, విటమిన్ డి కూడా చూస్తారు. పెద్దవాళ్ళకి ఎముకల స్కాన్ రాయవచ్చు. వేరే జబ్బుకి మాత్రలు, లేహ్యాలు తీసుకునేటప్పుడు వాటిలో గోధుమ పిండి పదార్థం ఉందేమో మందుల షాపులో అడగండి.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, ఈ దగ్గరి రక్తసంబంధీకుల్లో పదిమందిలో ఒకరికి దాకా ఇదే జబ్బు ఉండే వీలుంది. ఏ బాధా లేకపోయినా వాళ్ళకి ఒకసారి టీటీజీ చేయించండి. పిల్లలకి మొదటిసారి నెగటివ్ వచ్చినా కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఎప్పుడు చూడాలో డాక్టరుని అడిగి ఫైల్లో రాయించుకోండి.